‘క’ తర్వాత ఏమైంది?

తెల్లాపూర్‌లో ఓ అపార్ట్‌మెంటు. తొమ్మిదో అంతస్తు. బాల్కనీలోకి వెళ్తే ఎటు చూసినా క్రేన్లు, సగం లేచిన టవర్లు, వాటి మధ్య ఇంకా మిగిలిన కాస్త పచ్చదనం. ఇరవై ఏళ్ల కిందట ఇది మెదక్ జిల్లాలో ఓ పల్లె. 2016లో జిల్లాలు మారాక సంగారెడ్డి జిల్లా అయింది. ఇప్పుడు ‘గచ్చిబౌలికి ఎంతసేపు పడుతుంది?’ అన్నదే ఇక్కడ ఇళ్ల ధరలకు కొలమానం.

ఆ ఇంట్లో ఓ ఆదివారం పొద్దున... యాభైకి దగ్గరపడిన ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పక్కన సికింద్రాబాద్ సీటీసీలో కొనుక్కొచ్చిన సీడీ డ్రైవు. ఇప్పటి లాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే లేదు కదా మరి! సీడీ మీద మార్కరుతో రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి. ‘బాపు కథ - 2004’.

ఎదురుగా సోఫాలో అమ్మ. వయసు ఎనభైకి ఒకటి రెండేళ్లు తక్కువ. ‘మీ బాపు రాసింది ఒక్కసారి సదివి ఇనిపియ్యి కొడుకా’ అని నెల రోజులుగా అడుగుతోంది.

బాపు ఊళ్లో సర్కారు బడి పంతులు. రిటైరయ్యాక రాసింది ఒకే ఒక్కటి... పొలంలో బావి తవ్విన జ్ఞాపకం. దాన్ని అమెరికాలో ఉన్న మేనల్లుడు తీసుకెళ్లి ఓ వెబ్ పత్రికకు ఇస్తే వాళ్లు వేశారు. కాగితం మీద అచ్చవలేదు. చేతిరాత పుస్తకం ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది. 2009లో బాపు పోయారు. ఆ పత్రిక అంతకుముందే మూతపడింది. మిగిలింది ఈ సీడీ ఒక్కటే.

ఫైలు తెరిచాడు. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టుకున్న ఏవో యూరప్ అక్షరాలు, మధ్యలో డాలర్లూ, శాతం గుర్తులూ. తెలుగు అన్నది ఒక్క అక్షరం లేదు!

‘సీడీ ఖరాబయిందా?’ అంది అమ్మ. అది ఖరాబవలేదు. ఆ రోజుల్లో నెట్‌లో తెలుగంటే ఇదే.

* * *

2000 ప్రాంతంలో విదేశాల్లో ఉండి తెలుగు పేపర్లు చదివినవాళ్లకి ఈ బాధ గుర్తుండే ఉంటుంది. ప్రపంచ భాషలన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ చోటు ఉంటే సరిపోతుందా? అక్షరం కింద వత్తునీ, పైన గుడినీ సరిగ్గా అతికించి చూపించడం కంప్యూటరుకి రావాలిగా. 2001లో విండోస్ ఎక్స్‌పీ, దాంతోపాటు గౌతమి ఫాంటూ వచ్చేదాకా మామూలు ఇళ్లలోని కంప్యూటర్లకి ఆ విద్య రాలేదు. వచ్చాక కూడా సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని మేల్కొలపాల్సి వచ్చేది.

పేపర్లు అప్పటిదాకా ఆగలేవు. అందుకే ఓ ఉపాయం చేశాయి. పేజీలో పంపేది ఇంగ్లిషు అక్షరమే. కానీ తమ సొంత ఫాంటులో ఆ అక్షరం గదిలో తెలుగు బొమ్మ పెట్టేవారు. అంటే ‘ఎ’ గదిలో ‘క’ బొమ్మ అన్నమాట. ఫాంటులో ఉన్న గదులేమో సుమారు రెండొందలు. మన గుణింతాలూ, వత్తులూ కలిపితే వేలల్లో తేలతాయి. అందుకని తెలుగుని ముక్కలు చేశారు... తలకట్టు ఓ గదిలో, గుడి ఇంకో గదిలో, వత్తులు వేరే గదుల్లో. చదివేవారి కంటికి అవన్నీ పక్కపక్కన చేరి తెలుగులా కనిపించేవి. కంప్యూటరు దృష్టిలో మాత్రం అదంతా అర్థంలేని ఇంగ్లిషు.

1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, నెట్‌స్కేప్ 4... పేజీతోపాటే ఫాంటునీ తెచ్చుకునే ఏర్పాటు చేశాయి. ఇద్దరిదీ చెరో పద్ధతి. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. వాటినే ‘డైనమిక్ ఫాంట్లు’ అనేవారు. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వచ్చింది. దానికి ఆ రెండు పద్ధతుల్లో ఏదీ తెలీదు. చదవాలంటే ఒక్కో పేపరుకి ఒక్కో ఫాంటు దింపుకుని కంప్యూటర్‌లో వేసుకోవాలి. ఫాంటు లేకపోతే ఇదిగో... ఈ తెల్లాపూర్ ఇంట్లో కనిపించిన గందరగోళమే.

ఇక్కడ తప్పెవరిది? పేజీ తనను తాను ఇంగ్లిషు పేజీ అని చెప్పుకొంటోంది. బ్రౌజరు ఆ మాట నమ్మి ఇంగ్లిషే చూపిస్తోంది. నిబంధనల ప్రకారం చూస్తే తప్పు పేజీదే. కానీ పొద్దున్నే కాఫీ కప్పుతో కూర్చుని ఊరి కబుర్లు చదువుకుందామనుకున్న మనిషికి నిబంధనలతో ఏం పని? ‘ఈ బ్రౌజర్‌లో పేపరు రావట్లేదు’ అని ఇంకోటి తెరుస్తాడు. చదివేవాళ్లు ఎక్కువున్న సైటు తప్పు చేస్తే, సర్దుకోవాల్సింది బ్రౌజరే.

సర్దుకోవడం ఎలాగో చేసి చూపించినవారు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టింది ఆయనే. ఇంగ్లిషు కీబోర్డుతో ఆర్‌టీఎస్ పద్ధతిలో కొట్టిన తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్టు ఒకటి తయారుచేశారు. దాని పేరు ‘పద్మ’. తర్వాత దాన్నే ఫైర్‌ఫాక్స్‌కి అనుబంధంగా మలిచారు. ‘ఈనాడు’, ‘వార్త’ లాంటి సైట్లు తెరిస్తే, ఆ గజిబిజిని బ్రౌజర్ లోపలే అసలైన తెలుగులోకి మార్చి చూపించేది.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ ఒక్కో ఫాంటుదీ ఒక్కో గదుల అమరిక. ఏ గదిలో ఏ ముక్క ఉందో ఓపిగ్గా చూసి పట్టిక రాసుకోవాలి. అక్కడితో అయిపోదు. ఫాంటులో ముక్కలుండేది కంటికి కనిపించే వరసలో. యూనికోడ్‌లో ఉండాల్సింది పలికే వరసలో. కొన్ని ఫాంట్లలో ‘క్ర’లోని రావత్తు ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి ‘క’ కంటే ముందే ఉంటుంది. దాన్ని పట్టుకుని వెనక్కి చేర్చాలి. ఇలా ఫాంటు ఫాంటుకీ! దాన్నెవరూ ఆయనకి ఉద్యోగంగా అప్పగించలేదు. తెలుగుతో మొదలైన ‘పద్మ’ తర్వాత తమిళం, మలయాళం, హిందీ లాంటి భాషల పేజీలకీ సాయపడింది. అవే తిప్పలు వాళ్లకీ ఉన్నాయి మరి.

మార్చిన పేజీలో ఇంకో లాభం కూడా ఉంది. కాపీ చేసుకోవచ్చు, వెతుక్కోవచ్చు. అప్పటిదాకా తెలుగు పేపర్లలో లక్షల పదాలున్నా గూగుల్‌లో తెలుగు మాట కొడితే అవి దొరికేవి కావు.

పేపర్లు మెల్లగా యూనికోడ్‌కి మారాయి. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా అనుబంధాలన్నిటికీ తలుపు మూసేసింది. ‘పద్మ’ నడిచింది ఆ తరహాలోనే. అప్పటికి చాలామందికి దాని అవసరం తీరిపోయింది. సీడీల్లో, పాత డిస్కుల్లో దాచుకున్న పేజీలవాళ్లకి తప్ప.

* * *

మన ఇంజినీరుకి ఈ కథంతా కొత్త కాదు. అతని మొదటి ఉద్యోగం మాదాపూర్‌లో. కూకట్‌పల్లిలో అద్దె గది, రోజూ బస్సు. ఆఫీసులో పనేంటంటే... వెబ్‌సైట్లు రకరకాల బ్రౌజర్లలో సరిగ్గా కనబడుతున్నాయా లేదా చూడటం. కనబడకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం.

తప్పులకేం కొదవ? వెబ్ పేజీని హెచ్‌టీఎంఎల్‌లో రాస్తారు. ‘ఇక్కణ్నుంచి లావు అక్షరాలు’, ‘ఇక్కడితో లావు అక్షరాలు అయిపోయాయి’ అంటూ కోణాల బ్రాకెట్లలో గుర్తులు పెట్టడమే ఆ భాష. తెరిచిన గుర్తు మూయాలి. లోపల తెరిచింది లోపలే మూయాలి. పెట్టెలో పెట్టె ఉంటే ముందు లోపలిదాని మూత వేయాలి కదా, అలా. కానీ నెట్‌లో ఈ క్రమశిక్షణ పాటించిన పేజీ ఆ రోజుల్లో అరుదు. పెద్ద పెద్ద సైట్లది కూడా అదే వరస.

అయినా పేజీలు ఎలాగోలా కనిపించేవి. ఎందుకంటే 1993లో వచ్చిన మొజాయిక్ నుంచీ బ్రౌజర్లది ఒకటే తీరు. తప్పు కనబడితే అలిగి కూర్చోకుండా, రాసినవాడి మనసులో ఏముందో ఊహించి చూపించడం. ఇది ఔదార్యమే. కానీ నెట్‌స్కేప్ ఊహ ఒకలా, ఎక్స్‌ప్లోరర్ ఊహ ఒకలా ఉండేది. ఒకదాంట్లో చక్కగా ఉన్న పేజీ ఇంకోదాంట్లో చెల్లాచెదురు. రాసేవాళ్లు ఎక్స్‌ప్లోరర్‌లో బాగా కనిపిస్తే చాలనుకునేవారు. కొత్తగా బ్రౌజరు చేద్దామనుకునేవాళ్లు ముందు ఎక్స్‌ప్లోరర్ ఏ తప్పుని ఎలా క్షమిస్తోందో కనిపెట్టాలి. అది ఎక్కడా రాసి లేదు!

విసిగిపోయిన పెద్దలు 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అనే కఠినమైన పద్ధతి తెచ్చారు. నిబంధనల్లో ఉన్నట్టే దాన్ని అమలు చేస్తే ఒక్క గుర్తు మూయడం మరిచినా పేజీ మొత్తం రాదు. దానికి బదులు ఎర్రర్ సందేశం వస్తుంది. చుక్క పెట్టలేదని పరీక్ష పేపరు చించేసే మాస్టారి లెక్క. జనం దాన్ని పక్కన పెట్టేశారు.

2004లో యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్లు కలిసి వేరే దారి పట్టారు. తప్పులు ఆగవు గనక, ఏ తప్పుని ఎలా సరిదిద్దాలో అదే నిబంధనగా రాసేద్దాం అన్నారు. ఏళ్ల తరబడి బ్రౌజర్ల ప్రవర్తనని గమనించి అక్షరం అక్షరానికీ ఏం చేయాలో రాశారు. 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4 ఆ పద్ధతితో వచ్చింది. 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్5 అధికారిక ప్రమాణమైంది. ఆ రాతల్లో కొన్ని పేర్లు భలే ఉంటాయి. గుర్తులు అడ్డదిడ్డంగా మూస్తే సర్దే పద్ధతి పేరుకి అర్థం ‘దత్తత కేంద్రం’. పట్టికలో ఉండకూడని చోట మాటలొస్తే వాటిని తీసి పట్టిక బయట కూర్చోబెట్టే పద్ధతికి ‘పెంపకం’ అని పేరు. దిక్కులేని ముక్కల్ని ఎవరో ఒకరి ఒళ్లో పెట్టడమన్నమాట!

ఇంత రాసినా తీరని సైట్లున్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఇప్పటికీ ‘ఫలానా సైటుకి ఫలానా సర్దుబాటు’ అంటూ ఒక జాబితా ఉంది. సఫారీకి ఆధారమైన వెబ్‌కిట్‌లోనూ పేరుపేరునా అలాంటి మినహాయింపులు రాసిన ఫైలుంది. చిన్న సైట్లకి ఈ భాగ్యం దక్కదు. పది మంది చదివే పేజీలో తప్పుంటే దాని గురించి ఆలోచించే నాథుడెవరు?

* * *

పాత హార్డుడిస్కులో ‘పద్మ’ ఫైలు దొరికింది. ఆ అనుబంధాలు నిజానికి జిప్ ఫైళ్లే, విప్పి చూసుకోవచ్చు. బాపు కథ వేసిన పత్రిక వాడిన ఫాంటు పట్టిక అందులో ఉంది. ఆ పట్టికతో అతనో చిన్న ప్రోగ్రాం రాశాడు. తెర మీది గజిబిజిని కాపీ చేసి అందులో పోశాడు. తెలుగు బయటికొచ్చింది!

చదవడం మొదలెట్టాడు. కరువు, అప్పు, పలుగు, పార... అమ్మ కళ్లు మూసుకుని వింటోంది. ‘పదిహేను గజాల దగ్గర కమరుసటి ఏడు వరి వేశాం’ అని చదివి ఆగాడు.

‘క ఏంది కొడుకా?’

‘అచ్చుతప్పు అమ్మా.’

‘అచ్చుతప్పు కాదు. గాడ ఒక ముచ్చట ఉండాలె. కడియాల ముచ్చట. రాసిననాడు మీ బాపు నాకు సదివి ఇనిపిచ్చిండు.’

అతనికి చెంప మీద కొట్టినట్టయింది. 2004లో ఇదే పేజీ బాపుకి చూపించిన రోజు గుర్తొచ్చింది. కూకట్‌పల్లిలో, అద్దెకు తెచ్చిన కంప్యూటర్ ముందు. కళ్లద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చదివి, ‘మీ అమ్మ ముచ్చట తీసేసిన్రు’ అన్నారు బాపు. అప్పుడతను ఏమన్నాడు? ‘ఎడిటర్లు కత్తిరిస్తారు బాపూ, మామూలే’ అన్నాడు. బాపు ఇంకేం మాట్లాడలేదు. మళ్లీ ఏదీ రాయలేదు కూడా. రాయకపోవడానికి అదే కారణమని ఎవరు చెప్పగలరు? కాదనీ చెప్పలేరు.

రోజుకి పది గంటలు ఇతరుల పేజీల్లో తప్పులు వెతికే కొడుకు, తండ్రి పేజీని ఒక్కసారి తిరగేసి చూడలేదు.

ఇప్పుడు చూశాడు. బ్రౌజర్ చూపించేది కాదు, దాని వెనక ఉన్న అసలు రాత. అదృష్టం ఏంటంటే ఆ రోజు పేజీని దాచేటప్పుడు ‘హెచ్‌టీఎంఎల్ మాత్రమే’ అని ఎంచుకున్నాడు. వచ్చింది వచ్చినట్టు ఉంది.

దొరికింది. ఆ ఫాంటు చేసినవాళ్లు ‘ఠ’ ముక్కని, లెక్కల్లో ‘కంటే తక్కువ’ అని చదివే < గుర్తు గదిలో పెట్టారు. హెచ్‌టీఎంఎల్‌లో గుర్తులు మొదలయ్యేది సరిగ్గా దానితోనే! దాన్ని మామూలు అక్షరంగా వాడాలంటే వేరేగా రాయాలి. పత్రికవాళ్లు రాయలేదు. బాపు పంతులు కదా, కథలో ‘పాఠం’ నాలుగుచోట్ల ఉంది. అక్కడేం కాలేదు. ఎందుకంటే ‘ఠ’ తర్వాత తలకట్టు ముక్క వస్తుంది, దాని గది ఇంగ్లిషు అక్షరానిది కాదు. < తర్వాత ఇంగ్లిషు అక్షరం లేకపోతే బ్రౌజరు ‘పోనీలే, ఇదేదో మామూలు గుర్తు’ అని వదిలేస్తుంది. కానీ ఒక్కచోట... ‘కఠినమైన’ అనే మాటలో ‘ఠ’ తర్వాత గుడి వచ్చింది. గుడి గది ఇంగ్లిషు అక్షరానిది. ఇంకేముంది, బ్రౌజరు అది కొత్త హెచ్‌టీఎంఎల్ గుర్తేదో అనుకుంది. దాని ముగింపు కోసం వెతుక్కుంటూ పోయింది. పేరా చివర పెట్టిన గుర్తు దగ్గర ముగింపు దొరికింది. మధ్యలో ఉన్నదంతా ‘నాకు తెలియని గుర్తు’ కింద జమకట్టి, ఏమీ చూపించకుండా ముందుకెళ్లింది. కింది పేరా వచ్చి ‘క’కి అతుక్కుంది.

ఎడిటర్లు ఏమీ కత్తిరించలేదు. వాళ్లకి ఆ వాక్యాలు పోయిన సంగతే తెలిసి ఉండదు. బ్రౌజరు చప్పుడు లేకుండా సర్దుకుపోయింది. ఎర్రర్ చూపించి ఉంటే ఆ రోజే ఎవరో ఒకరు దిద్దేవారు. అలాగని ఆ కఠిన పద్ధతే ఉండి ఉంటే మొత్తం కథే కనిపించేది కాదు. ‘పద్మ’ ఉన్నా ఆ ముక్క దొరికేది కాదు. అది బ్రౌజరు చూపించినదాన్నే తెలుగులోకి మార్చుతుంది కానీ, మింగేసినదాన్ని కక్కించలేదు.

ఆ నాలుగు వరసల్నీ అసలు రాత నుంచి తీసి ప్రోగ్రాంలో పోశాడు. ఈసారి చదవడానికి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

‘పదిహేను గజాల దగ్గర కఠినమైన బండ తగిలింది. మందు పెట్టి పేల్చడానికి చేతిలో పైసా లేదు. ఆ రాత్రి మా ఇంటామె ఏమీ అనకుండా కాళ్ల కడియాలు తీసి నా తలగడ కింద పెట్టింది. ఊళ్లో అందరూ సారు బావి అంటారు. ఆ బావి నాది కాదు.’

అమ్మ కాసేపు మాట్లాడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. చూపు కాళ్ల మీదికి పోయింది.

‘ఎడిటర్లు తీసేశారని చెప్పాను అమ్మా ఆ రోజు బాపుతో.’

‘ఎరికే. ఇంటికొచ్చినంక నాతోని చెప్పిండు. పట్నపోళ్లకు గివి ఎందుకు నచ్చుతయి అన్నడు.’ మళ్లీ కాసేపు ఆగి, ‘అయినా మీ బాపు తప్పు రాసిండు’ అంది.

‘ఏం తప్పు?’

‘రెండు కడియాలు కాదు. ఒక్కటే ఇచ్చిన. రెండోది మీ అక్క పెండ్లికి దాసిన.’

అతని వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి. ‘కడియాలు’ అన్న మాట పక్కన కర్సరు మినుకుమినుకుమంటోంది. ‘మార్చమంటవా?’ అన్నాడు.

‘వద్దు’ అంది అమ్మ. ‘మీ బాపు రాసింది రాసినట్టే ఉండనియ్యి. ఇంకోపారి సదువు... బండ తగిలిన కాడికెంచి.’